నీటితో ఉగ్రమగు రసాయనములు: ఆపత్కాల హెచ్చరికల చరిత్ర

తేని, కంబము, బోడినాయకనూరు ప్రాంతములందలి మా తెలుగిండ్లలో నిప్పును గూర్చి పిల్లలకు నేర్పు పాఠము ఒక్కటే. నిప్పు కనబడినచో నీళ్లు పోయవలెను. గడ్డివాము అంటుకొన్నను, వంటింటి తడిక అంటుకొన్నను బిందెలతో పరుగెత్తుట ఇచట ఎవరును చెప్పనక్కరలేని పని. నాయకరాజుల వెంట ఈ సీమకు వచ్చి స్థిరపడిన మా పూర్వులు తెచ్చుకొన్న మాటలలో ఎన్నియో మాసిపోయినవి గాని, నీళ్లు, నిప్పు అను రెండును మాసిపోలేదు.

ఈ పాఠము తప్పు కాదు. అయితే గడచిన నూరేండ్లలో మన నడుమకు వచ్చిన కొన్ని పదార్థములకు అది చెల్లదు. అవి విషములు, మండునవి, పైగా నీరు తగిలినంతనే ఉగ్రమగునవి. ఇట్టి పదార్థము ఒలికినపుడు మొదటి అరగంటలో చేయవలసినదేమి, ఆ మాట ఎవరికి ఏ విధముగ చేరినది అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిని. రసాయన శాస్త్రము నా విద్య కాదు. నేను తెలుగు ఉపాధ్యాయుడను. అయినను హెచ్చరిక అనునది భాషతో ముడిపడిన విషయమగుట చేత ఈ పనికి పూనుకొంటిని.

మొదట ఇంటి దాపున ఉన్న దృష్టాంతము. మా తాతల కాలమున తిరునాళ్లలోను సంతలలోను అంగళ్ల ముందు కార్బైడు దీపములు వెలిగెడివి. క్రింది గదిలో కాల్షియం కార్బైడు రాయి, పై గదిలో నీళ్లు. నీరు బొట్టుబొట్టుగా రాతిపై పడగా ఎసిటిలీను వాయువు పుట్టి తెల్లని వెలుతురు నిచ్చెడిది. నీళ్లు పోసి దీపము వెలిగించుట పిల్లలకు ఇంద్రజాలము వలె నుండెడిదని పెద్దలు చెప్పుదురు. బొట్లుగా పడినంతసేపు అది దీపము. అదే రాయి సంచులలో నిలువ యుండగా వాన నీరు చొరబడినచో గదినిండ వాయువు చేరి, ఒక్క నిప్పురవ్వకు ప్రేలును. అరటియు మామిడియు పండు సీమలలో ఈ రాతి పేరు వినని వారుండరు. కాయలను దీనితో మాగించుట మన దేశమున నిషిద్ధము. వాణిజ్యపు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరముల జాడ యుండుట అందులకు ముఖ్య కారణము.

రెండవది ఇంకను భయంకరమైనది. ధాన్యపు కొట్లలో పురుగులను చంపుటకు పెట్టు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు గాలిలోని తేమ తగిలిన మాత్రముననే ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. పురుగును చంపు గుణము ఆ వాయువునదే. బిళ్లల డబ్బా పగిలి పొగ లేచుచుండగా, చల్లార్పవలెనని బిందెడు నీళ్లు కుమ్మరించినచో వాయువు వెల్లువగా పుట్టి తనంత తానే అంటుకొనవచ్చును. ఇట్టిచోట నీరు ముట్టరాదు. జనులు గాలి వచ్చు దిక్కునకు తొలగవలెను. ఊపిరి సాధనము ధరించిన వారు మాత్రమే సమీపించి పొడి ఇసుకతో కప్పవలెను. విన్న తరువాత ఇది సులభముగనే తోచును. వినని వాని చేయి మాత్రము బిందె మీదికే పోవును.

విషము, మంట, నీటితో వైరము అను మూడు గుణములును ఒక్క పదార్థమున చేరి ఒక నగరముపై పడిన ఘటన మన దేశచరిత్రలోనే యున్నది. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి తెల్లవారకమునుపు భోపాలులో జరిగిన దుర్ఘటన అందరును ఎరిగినదే. యూనియన్ కార్బైడు వారి కర్మాగారమున సెవిన్ అను పురుగుమందు తయారీకి మిథైల్ ఐసోసయనేటును నిలువ చేసెడివారు. అది 39 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగును. దాని ఆవిరి గాలికంటె బరువు. నీటితో కలిసినపుడు వేడియు, కార్బన్ డయాక్సైడును పుట్టును. పుట్టిన వేడి చర్యను మరింత త్వరపరచును. 610వ సంఖ్య గల తొట్టిలో సుమారు 40 టన్నుల ద్రవముండగా దానిలోనికి నీరు ప్రవేశించినది. ఆ నీరు ఎట్లు వచ్చినదను విషయమున కార్మికులకును యాజమాన్యమునకును వాదము నడచినది. వచ్చినదను విషయమున వాదము లేదు.

తొట్టిని చల్లగా నుంచవలసిన శీతల యంత్రము ఆ సంవత్సరము జూన్ నుండియే ఆగియుండెను. వెలువడు వాయువును కాల్చివేయవలసిన గొట్టపు గోపురము మరమ్మతునకై విడదీయబడి యుండెను. లోపలికి పోరాని నీరు లోపలికి పోయినది గాని, బయటికి వచ్చుచున్న ఆవిరిపై పడవలసిన నీరు మాత్రము పడలేదు. సిబ్బంది నీటి ధారలను పైకి చిమ్మిరి. అవి సుమారు 33 మీటర్ల ఎత్తున గొట్టపు కొసను అందుకొనలేకపోయినవి. ఇచట పాఠకులు ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఇట్టి రసాయనములలో కొన్నింటికి నీరు ఒకచోట శత్రువు, మరియొకచోట రక్షకుడు. పాత్రలోనికిని, కారుచున్న రంధ్రము మీదికిని నీరు పోరాదు. లేచిన ఆవిరిని అణచుటకు దూరము నుండి సన్నని తుంపర పనికివచ్చును. నీళ్లు పోయుడు, పోయకుడు అను రెండు ముక్కలతో ఈ జ్ఞానము తెగదు.

నగరమునకు మాట చేరిన తీరు ఇంకను విచారకరము. బయటి ప్రజలకు వినిపించు సైరను కొద్దిసేపు మ్రోగి ఆగినది. వాయువు వీథులలో నిండిన తరువాతనే మరల నిలకడగా మ్రోగినది. ఆ ధ్వనికి అర్థమేమో చుట్టుపట్ల వారికి ఎవరును మునుపు చెప్పియుండలేదు. నిద్రలేచి పరుగెత్తిన వారు ఎక్కువ గాలి పీల్చిరి. తడిగుడ్డ ముఖమున కప్పుకొనియుండినచో కొంత మేలు కలిగెడిదని నిపుణులు తరువాత చెప్పిరి. ప్రతి ఇంటను గుడ్డయు ఉన్నది, కుండలో నీరును ఉన్నది. ఆ ఒక్క వాక్యము లేదు. ఆసుపత్రులలో వైద్యులకు విషము పేరైనను సకాలమున తెలియలేదు. రైల్వే స్టేషనున డిప్యూటీ సూపరింటెండెంటు గులాం దస్తగీర్ తన ఊపిరి తిత్తులు దెబ్బతినుచున్నను ఆగియున్న రైలును వేళకు ముందే పంపివేసి, ఇరుగుపొరుగు స్టేషనులకు కబురంపి రాబోవు బండ్లను ఆపించెను. ఆ రాత్రి సరియైన మాట సరియైన చోటికి చేరిన అరుదైన సందర్భములలో ఇది యొకటి. ప్రభుత్వము మొదట ప్రకటించిన మృతుల సంఖ్య 2,259. తరువాత మధ్యప్రదేశ్ ప్రభుత్వము 3,787 అని నిర్ధారించినది. గాయపడిన వారు 5,58,125 మంది అని 2006లో ప్రభుత్వమే న్యాయస్థానమునకు ప్రమాణపత్రము సమర్పించినది.

తక్కిన తొట్లలో మిగిలిన ద్రవమును ఏమి చేయవలెను? శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి అధిపతి డాక్టరు ఎస్. వరదరాజన్ నాయకత్వమున 1984 డిసెంబరు 16న దానిని సెవిన్‌గా మార్చివేయు పని ప్రారంభమైనది. ఆ పనికి ఆపరేషన్ ఫెయిత్, అనగా విశ్వాస కార్యమని పేరు. ప్రహరీల మీద తడిపిన గుడ్డలు కట్టిరి. హెలికాప్టరులు పైనుండి నీళ్లు చల్లినవి. పదునాలుగు దినములకు ముందు లేని తుంపర ఇప్పుడు ఆకసము నుండి కురిసినది. అయినను జనులు లక్షల సంఖ్యలో ఊరు విడిచిపోయిరి. విశ్వాసమని పేరు పెట్టినంత మాత్రమున విశ్వాసము కలుగునా?

అన్యదేశములలో ఈ హెచ్చరికలకు సంకేతలిపి యొకటి అప్పటికే పుట్టియుండెను. ఐక్యరాజ్యసమితి 1956లో ప్రమాదకర వస్తువుల రవాణా సూచనలను ప్రకటించినది. ఒక్కొక్క పదార్థమునకు నాలుగంకెల సంఖ్య నిచ్చు పద్ధతి దాని నుండి వచ్చినదే. అమెరికాలో నీటితో వైరము గల పదార్థమునకు డబ్ల్యూ అక్షరము వ్రాసి దానికి అడ్డుగీత గీయుదురు. చదువు రాని వానికిని కొట్టివేత యొక్క భావము తోచును గనుక ఇది నాకు మిక్కిలి నచ్చినది. ఇంగ్లండులో 1970ల యందు అగ్నిమాపక దళమువారు హాజ్‌కెమ్ అను గుర్తుల నేర్పరచిరి. అందు 1 అనగా నీటి ధార, 2 అనగా తుంపర, 3 అనగా నురుగు, 4 అనగా నీరు తగులరాని పొడి సాధనము. చివర ఇ అను ఆంగ్లాక్షరమున్నచో జనులను ఖాళీ చేయించు విషయము ఆలోచింపవలెనని అర్థము. 1996లో అమెరికా, కెనడా, మెక్సికో దేశములు ఉమ్మడిగా వెలువరించిన ఆపత్కాల మార్గదర్శిని ఆంగ్లము, ఫ్రెంచి, స్పానిషు అను మూడు భాషలలో వచ్చినది.

మన దేశమున భోపాలు తరువాత చట్టములు వరుసగా వచ్చినవి: 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము, 1989లో ప్రమాదకర రసాయనముల నిబంధనలు, 1996లో రసాయన ప్రమాదముల ఆపత్కాల ప్రణాళికా నిబంధనలు. భాషోపాధ్యాయునిగా నన్ను ఆకర్షించినది మాత్రము 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలోని 9వది. ప్రమాదకర వస్తువులను మోయు లారీ నడపువాడు రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో ఒక్కదానినైనను, దానితోపాటు ఆంగ్లమును చదువను వ్రాయను నేర్చినవాడై యుండవలెనని అది విధించినది. సరకు గుణములను, ఒలికినపుడు చేయవలసిన పనులను తెలుపు పత్రము డ్రైవరు గదిలో నుండవలెను. డ్రైవరు భాషను గూర్చి చట్టము ఆలోచించినది. లారీ బోల్తాపడినపుడు మొదట చేరువారు ఆ దారిన పోవు పాలవాడు, టీకొట్టు వాడు, బడి విడిచిన పిల్లలు. డ్రైవరు స్పృహ తప్పియున్నచో ఆ పత్రమును వారిలో ఎవరు చదువవలెను? కొచ్చి నుండి తొండికి పోవు జాతీయ రహదారి మా బోడి, తేనిల మీదుగానే పోవును. ఇచట బజారు భాష తమిళము, ఎందరో ఇండ్లలో తెలుగు, బండి మీద ఆంగ్లము.

భాష ఒక్కటియే చాలునని నేను వాదించుట లేదు. 2020 మే 7వ తేది తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు విశాఖపట్టణములోని ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారము నుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. స్టైరీను విషము, మండునది. నీటితో వైరము లేదు గనుక తుంపర చల్లుటకు సంశయింప నక్కరలేదు. తొట్టిలో వేడి పెరిగి అణువులు పెనవేసికొనుట వలన ఆపద వచ్చినది. దానిని అణచు రసాయనము చాలినంత లేక గుజరాతు వైపు నుండి విమానమున తెప్పింపవలసి వచ్చినది. అది తెలుగు నేల. లోపలివారును బయటివారును తెలుగు తెలిసినవారే. కర్మాగారమున సైరను మ్రోగించుటకు 36 చోట్ల ఏర్పాటు ఉన్నను ఒక్కచోటను మ్రోగింపలేదని రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తెలిపినది. భోపాలులో ధ్వని వినబడియు అర్థము కాలేదు. విశాఖలో ధ్వనియే లేదు. పోలీసులు ఇంటింటి తలుపు తట్టి జనులను లేపవలసి వచ్చినది.

ఈ వ్యాసమునకై సామగ్రి కూర్చుచున్న రోజులలో మా పిల్లలకు ఒక పని చెప్పితిని. దారిన పోవు ట్యాంకరుల వెనుక పలకపై ఉన్నదానిని ఉన్నట్లుగా వ్రాసికొని రమ్మంటిని. బండి ఆగియున్నపుడే, దూరము నుండియే చూడవలెనని రెండు మారులు హెచ్చరించితిని. తెచ్చిన కాగితములలో ఎక్కువ భాగము 1203 అను సంఖ్యయే, అది పెట్రోలు. దానిపై 3, వై, ఇ అను గుర్తులు. ఏడవ తరగతి బాలిక యొకతె, “అయ్యా, ఈ ఇ అంటే ఏమి?” అని అడిగినది. జనము దూరముగా పోవలెనని చెప్పితిని. “ఆ మాటనే రాస్తే పోయేది కదా అయ్యా” అన్నది. ఆ గుర్తులు అగ్నిమాపక దళమువారి కొరకని చెప్పితిని గాని, ఆ సమాధానము నాకే చప్పగా తోచినది. తరువాత ఆ నాలుగంకెల అర్థములను తెలుగునను తమిళమునను ఒక అట్టపై వ్రాయించి తరగతి గోడకు తగిలించితిమి. పొడి ఇసుక, నీళ్లు వద్దు అను రెండు మాటలు పెద్ద అక్షరములలో నున్నవి. 4 అంకె గల పలకను చూచితినని ఇంతవరకు ఏ పిల్లవాడును చెప్పలేదు.