బాబ్‌క్యాట్ అనే మాట

కెనడాలో పాత కట్టడం లోపలి కాంక్రీటు పగలగొట్టడానికి తెచ్చే చిన్న లోడర్ ఏ కంపెనీదైనా చాలామంది దాన్ని ‘బాబ్‌క్యాట్’ అనే అంటారు. నిజానికి అది ఉత్తర అమెరికా అడవుల్లో తిరిగే పొట్టి తోక పిల్లి పేరు. 1957లో మిన్నెసోటాలో కెల్లర్ సోదరులు టర్కీ కోళ్ల షెడ్డు శుభ్రం చేయడానికి మూడు చక్రాల లోడర్ తయారుచేశారు. నార్త్ డకోటాకు చెందిన మెల్రో కంపెనీ 1960లో దాన్ని నాలుగు చక్రాల బండిగా మార్చి, 1962లో ఈ పేరు పెట్టింది. పేరు అతికినట్టు సరిపోయింది: రెండు పక్కల చక్రాలు వ్యతిరేక దిశల్లో నడిస్తే బండి పిల్లిలా నిలుచున్నచోటే గిర్రున తిరుగుతుంది. ఇరుకు గదిలో కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్‌ను మోయడానికి కావలసింది అదే.

బ్రాండు పేరును యంత్రం పేరుగా వాడటం తప్పని కొందరి అభ్యంతరం. నేను ఒప్పుకోను. మనం జేసీబీ అన్నా, ఫ్రెంచి కంపెనీ పేరైన పొక్లెయిన్ అన్నా వినేవాడికి రెండు వేర్వేరు బండ్లు స్పష్టంగా కళ్లకు కడతాయి. చిక్కల్లా ఒక్క మాట రెండు బండ్లను కప్పేసినప్పుడే. బాబ్‌క్యాట్ అంటే చక్రాల బండీ కావచ్చు, రబ్బరు ట్రాకుల బండీ కావచ్చు. బురదలో ట్రాకులు మేలు. కానీ ఇనుప చువ్వలు తేలిన శిథిలాల మీద ఆ రబ్బరు చీరుకుపోతుంది. అద్దెకు అడిగేటప్పుడు చక్రాలా ట్రాకులా అన్నది చెప్పి, హైడ్రాలిక్ ఆయిల్ ప్రవాహం బ్రేకర్‌కు చాలుతుందా అని కూడా అడగాలి.