ముచ్చటకా, నవ్వడానికా?

ఇప్పుడు అమెరికాలో ఎవరింటి ముందైనా గులాబీరంగు ప్లాస్టిక్ ఫ్లెమింగో కనిపిస్తే, దాన్ని ముచ్చటపడి పెట్టారో, నవ్వడానికి పెట్టారో రోడ్డు మీంచి చెప్పలేం. 1957లో ఈ అనుమానం లేదు.

ఆ ఏడాది మాసచూసెట్స్‌లోని లెమిన్‌స్టర్‌లో, యూనియన్ ప్రోడక్ట్స్ అనే ప్లాస్టిక్ కంపెనీకి డాన్ ఫెదర్‌స్టోన్ ఈ పక్షిని తయారుచేశాడు. శిల్పం పద్ధతిగా నేర్చుకున్నవాడే. బతికున్న ఫ్లెమింగో ఎక్కణ్ణుంచి వస్తుంది? నేషనల్ జియోగ్రాఫిక్‌లో ఫోటోలు చూసి చేశాడు. ఒకటి తలెత్తుకుని, ఒకటి తల వంచుకుని. సియర్స్ కేటలాగ్‌లో జత 2.76 డాలర్లు.

కొన్నది ఎవరు? యుద్ధం తర్వాత వరసగా లేచిన కాలనీల వాళ్ళు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు, ముందు అదే గడ్డి. అందులో ఇది మా ఇల్లు అని చెప్పడానికో గుర్తు కావాలి. ఫ్లెమింగో అంటే ఫ్లారిడా, సెలవులు, సముద్రం. డబ్బున్నవాళ్ళ తోటల్లో పాలరాతి బొమ్మలు, పోత ఇనుప జింకలు ఎప్పట్నించో ఉన్నాయి. కోరిక ఒకటే, ధరే వేరు. కానీ ‘చవకబారు’ అనే మాట మాత్రం మూడు డాలర్ల లోపు బొమ్మకే పడింది.

అరవైల్లో ఆ మాట బాగా గట్టిపడింది. చదువుకున్న కుర్రకారుకి ప్లాస్టిక్ అంటేనే బూటకం. ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. 1972లో జాన్ వాటర్స్ తన సినిమాకి ‘పింక్ ఫ్లెమింగోస్’ అని పేరు పెట్టాడు. ఉద్దేశపూర్వకంగా రోత పుట్టించే సినిమా అది. 1979లో విస్కాన్సిన్ యూనివర్సిటీ విద్యార్థి నాయకులు మాడిసన్ క్యాంపస్‌లోని బాస్కమ్ హిల్ మీద 1,008 ఫ్లెమింగోలు పాతేశారు. జనం పగలబడి నవ్వారు. 2009లో మాడిసన్ నగర మండలి ప్లాస్టిక్ ఫ్లెమింగోని ఏకంగా తమ అధికారిక పక్షిగా ప్రకటించింది!

నాకు గుచ్చుకునేది ఇక్కడే. నిజంగా ఇష్టపడి కొన్నావిడకి అభిరుచి లేదన్నారు. అదే బొమ్మని వెక్కిరింతగా పెట్టినవాడికి అభిరుచి ఉందన్నారు. నవ్వే హక్కు చదువుతో వచ్చింది, ముచ్చటపడే హక్కు పోయింది.

2006లో యూనియన్ ప్రోడక్ట్స్ మూతపడింది. అభిరుచి మారి కాదు, కరెంటు ఖర్చూ ప్లాస్టిక్ ముడిసరుకు ధరా పెరిగి. అచ్చులు చేతులు మారాయి, బొమ్మలు మళ్ళీ వచ్చాయి.

ఫెదర్‌స్టోన్‌కి 1996లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, నవ్వుతూనే. తన ఇంటి ఆవరణలో మాత్రం ఆయన 57 ఫ్లెమింగోలు ఉంచుకున్నాడు, అవి పుట్టిన సంవత్సరానికి గుర్తుగా. ఆయనా, భార్య నాన్సీ దశాబ్దాల పాటు ఒకే తానులోంచి కుట్టిన జత బట్టలు వేసుకుని తిరిగారు. కుట్టింది ఆవిడే.