హైదరాబాద్: పచ్చదనం, నడక, సైకిల్ దారులు

హైదరాబాద్‌లో చెట్లను పెంచి, నడకకు, సైకిల్‌కు చోటు కల్పించేందుకు ప్రభుత్వం కొన్ని చట్టాలు చేసింది, కొన్ని పనులు చేపట్టింది. అనుమతి లేకుండా చెట్లు కొట్టడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వాల్టా చట్టం అడ్డుకుంది. 2015లో తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైంది. మొక్క నాటడం తేలిక, దాన్ని బతికించడమే కష్టం. అందుకే 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టాన్ని అసలైన ముందడుగుగా చెప్పాలి. పురపాలక సంఘాలు బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలనీ, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలనీ అది నిర్దేశించింది. 2022లో నగరానికి ‘వరల్డ్ గ్రీన్ సిటీ’ పురస్కారం దక్కింది.

2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. దాని పైకప్పు సోలార్ పలకలదే. తొక్కేవారికి నీడా దొరుకుతుంది, కరెంటూ వస్తుంది. అయితే ఇది నగరం పడమటి అంచున ఉంది. వ్యాయామానికి వచ్చేవారికి పనికొచ్చినంతగా, పాత బస్తీ నుంచి పనికి వెళ్లే కూలీకి పనికిరాదు. నగరం లోపల చాలాచోట్ల ఫుట్‌పాత్‌లను పార్కింగ్, ట్రాన్స్‌ఫార్మర్లు ఆక్రమించాయి. దాంతో వృద్ధులు, బడిపిల్లలు వాహనాల మధ్యే నడవాల్సి వస్తోంది. ఇంటిని బడితో, బస్టాపుతో, మెట్రో స్టేషన్‌తో కలిపే సురక్షితమైన దారులు ఇంకా కొద్దిగానే ఉన్నాయి.