కంచిలి పల్లెబడికి యజమాని యెవరు?

పల్లెబడిని నడపువా రెవరని కంచిలి ప్రాంతమున నడిగినచో, నూఱేండ్లలో నుత్తరము పలుమాఱులు మాఱినదని చెప్పవలసియున్నది.

మదరాసు రాజధానిలో 1884 శాసనముచే తాలూకా బోర్డు లేర్పడెను. 1920 ప్రాథమిక విద్యాశాసనము జిల్లా విద్యాసంఘములను గల్పించి, విద్యాపన్నునకును నిర్బంధవిద్యకును దారి తెఱచెను. నాడీ సీమ గంజాము జిల్లాలోనిది; ఛత్రపురము దానికి కేంద్రము. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యెను. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా బడులు విశాఖపట్టణము జిల్లా పాలయ్యెను. 1950లో శ్రీకాకుళము జిల్లాకు వచ్చెను. 1959 శాసనముతో పంచాయతీ సమితులు, 1980ల నడుమ మండలములు. బోర్డుపై పేరు మాఱినంత సులభముగా లోపలి పని మాఱదు గదా! తెలుగును ఒడియాయును గలసి వినవచ్చు నీ యూళ్లలో, పిల్లవాని యింటిమాట బడిలో వినబడునా యని యే కార్యాలయము తనంత దా నడిగెనో మాకు సందేహమే.

2009 విద్యాహక్కు చట్టము బడికమిటీలో ముప్పాతిక స్థానములు తలిదండ్రులకును, మొత్తమున సగము స్త్రీలకును ఇచ్చెను. ఇది చిన్న మార్పు కాదు. అట్టి కమిటీ నొకదానిని మేము చూచితిమి. తల్లులు పుస్తకమున సంతకములు, వ్రేలిముద్రలు వేసి జీడితోట పనికి లేచిరి. ఒకామె మాత్రము గుమ్మముకడ నిలిచి, "మా గుంట సదువుతున్నాదేటి బాబూ?" అని యడిగెను. తీర్మానములలో నా ప్రశ్న లేదు. పంతులు పిల్లను బిలిచి పుస్తకము చేతికిచ్చెను. అది రెండు వాక్యములు చదివి మూడవదానికడ ఆగెను. తల్లి తిరిగివచ్చి కూర్చుండెను.