గోడ దాచుకున్న ఎండ

1833లో బోస్టన్ నుంచి ఒక ఓడ కలకత్తాకు మంచుగడ్డలు మోసుకొచ్చింది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి సరుకు అది. సుమారు 180 టన్నులు ఎక్కిస్తే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత 100 టన్నుల దాకా మిగిలింది. దారిలో భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. మంచును కాపాడటానికి ఆ వ్యాపారంలో వాడినవన్నీ అనుభవంతో పట్టుబడ్డ కిటుకులే: సందు లేకుండా పేర్చడం, చుట్టూ రంపపు పొట్టు లాంటివి దట్టించడం. మద్రాసు తీరాన 1842లో కట్టిన ఐస్ హౌస్, అంటే నేటి వివేకానందర్ ఇల్లం, ఆ మంచు నిల్వ కోసమే లేచింది.

ఏసీని టన్నుల్లో కొలవడం ఆ మంచు రోజుల చలవే. 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరగాలంటే ఎంత వేడి పీల్చుకోవాలో అది ఒక టన్ను. గంటకు 12,000 బీటీయూలు, మన లెక్కలో దాదాపు 3,517 వాట్లు.

అయితే గోడ గుండా ఎంత వేడి పోతుందో తేల్చే లెక్క పుట్టింది చలిదేశాల్లో. అక్కడి బెంగ ఒక్కటే: ఈ భవనానికి బొగ్గెంత కావాలి? 1828లో వేడి మీద పెద్ద గ్రంథం వెలువరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పెక్లే, గోడ గుండా వేడి జారిపోయే దారిని అంచెలుగా చూశాడు. గదిగాలి నుంచి గోడకు, గోడ మందం గుండా, గోడ నుంచి బయటిగాలికి. అంచె అంచెకూ కొంత అడ్డు ఉంటుంది. ఆ అడ్డులన్నీ కూడితే మొత్తం నిరోధం; ఇన్సులేషన్ డబ్బా మీద కనిపించే ఆర్-విలువ ఆ ఒక్క పొర అడ్డు. మొత్తం నిరోధాన్ని తిరగేస్తే యూ-విలువ. బెర్లిన్‌లో 1885లో భవనాలను వెచ్చబరిచే విద్యకు ప్రొఫెసర్‌గా కూర్చున్న హెర్మన్ రీట్షెల్, 1893 నాటి తన పాఠ్యపుస్తకంతో ఈ లెక్కను ఇంజనీర్ల చేతికి అందించాడు.

ఆ లెక్క తేలికే. బయట రాత్రంతా చలి, లోపల ఒకే వెచ్చదనం, ఎండ ఊసే లేదు. విస్తీర్ణం, యూ-విలువ, ఉష్ణోగ్రతల తేడా, మూడూ గుణిస్తే సరి.

చల్లబరచాల్సి వచ్చేసరికి తంటా మొదలైంది. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. దానికి మందు వెతికిన విల్లిస్ కారియర్, 1911లో గాలిలో తేమకు సూత్రాలు ప్రకటించాడు. గాలిని చల్లబరచడం ఒక ఖర్చు, అందులోని నీటిని పిండటం మరో ఖర్చు. రామగుండం కంటే విశాఖలో పాదరసం తక్కువే చూపించినా ఏసీకి పని తప్పనిది అందుకే.

ఎండ సంగతి ఇంకా మిగిలింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు 1944. అమెరికాలో మాకీ, రైట్ అనే ఇద్దరు ఎండనూ గాలి వేడినీ కలిపి ఒకే అంకెగా మార్చారు. దాని పేరు సోల్-ఎయిర్ ఉష్ణోగ్రత. గోడ వేడిని వెంటనే లోపలికి పంపదనీ, కొంత తగ్గించి ఆలస్యంగా పంపుతుందనీ, ఆ ఆలస్యాన్నీ తగ్గుదలనూ లెక్కకట్టవచ్చనీ చూపించారు.

మన డాబాకే వేసి చూద్దాం. 12 అడుగులకు 10 అడుగుల గది, పైన ఆరంగుళాల కాంక్రీటు శ్లాబ్. గాలి పొరల అడ్డును కలిపినా యూ-విలువ 3.3 దాకా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం శ్లాబ్ మీద సోల్-ఎయిర్ 60 డిగ్రీలు, లోపల 25 అనుకుందాం. విస్తీర్ణం 11 చదరపు మీటర్లు. గుణిస్తే 1,270 వాట్లు, టన్నులో మూడోవంతు పైకప్పుకే పోయింది. రెండంగుళాల థర్మోకోల్ పరిస్తే యూ-విలువ 0.6కు దిగి, ఆ వేడి 230 వాట్ల దగ్గర ఆగుతుంది. ఇది స్థిరమైన లెక్క. నిజంగా ఆ శ్లాబ్ ఒంటిగంట ఎండను కాస్త తగ్గించి నాలుగు గంటల తర్వాత కిందికి దింపుతుంది. ఆఫీసు నుంచి ఇంటికొచ్చే వేళకు సెగ తగిలేది అందుకే. ఏసీ కొనడానికి వెళ్తే షాపువాళ్లు ముందుగా “టాప్ ఫ్లోరా అండీ?” అంటారు. మాకీ, రైట్ పేర్లు వినకపోయినా వాళ్ల ప్రశ్న సరైనదే.

ఆ తర్వాతి కథ కంప్యూటర్లది. 1967లో కెనడాలో స్టీఫెన్‌సన్, మిటలాస్ ఆ ఆలస్యాన్ని గంటగంటకూ లెక్కించే పద్ధతి తెచ్చారు. 2001 నాటికి ఏడాదిలోని 8,760 గంటలనూ నడిపి చూపే ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రాం వచ్చింది.

మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 1987లో తెచ్చిన ఎస్పీ 41 చేతిపుస్తకంలో ఈ లెక్కలున్నాయి. పెద్ద వాణిజ్య భవనాలకు 2007లో ఇంధన పొదుపు కోడ్ వచ్చింది. ఇళ్ల వంతు 2018లో గానీ రాలేదు. ఆ ఏడు వచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు యూ-విలువ 1.2 దాటకూడదంది. పైన లెక్కేసిన ఉత్త శ్లాబ్ దానికి రెండున్నర రెట్లకు పైనే. 2023లో తెలంగాణ, పైకప్పును చల్లగా ఉంచే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే అది తప్పనిసరి. 100, 150 గజాల్లో ఒక్క శ్లాబ్ కింద కాపురం ఉండేవాళ్లకు మాత్రం ఇష్టమైతే చేసుకోవచ్చు.