కొండవిడిదిలో దాగిన చెవులు



రాజు తన మంత్రులతో ఆలోచన జరుపు చోటు ఎట్లుండవలెనో కౌటిల్యుడు అర్థశాస్త్రమున వివరించెను. అచ్చటి మాట వెలికి పోరాదు. దానిని పక్షులు సయితము చూడరాదు. చిలుకలు, గోరువంకలు పూర్వము రాజరహస్యములను బయటపెట్టినవని వినికిడి కలదని కూడ ఆయన హెచ్చరించెను. బాల్యమున గురువుగారి కడ ఈ ఘట్టము చదివినప్పుడు మేము నవ్వుకొంటిమి. ఒక చిలుక రాజ్యము నెట్లు చెఱుపగలదని మా సందేహము. కాని ఆ దినములలోనే, 1974వ సంవత్సరమున, భూమండలమున మిక్కిలి బలవంతుడని పేరొందిన ఒక పాలకుడు అట్టి చిలుకవలననే పదవి పోగొట్టుకొనెను. ఆ చిలుకను శత్రువులు పంపలేదు. ఆయనయే తెచ్చి తన గదిలో పెట్టుకొనెను. ఆయన అమెరికా అధ్యక్షుడు రిచర్డు నిక్సను. ఆ చిలుక, మాటలను పట్టు టేపుయంత్రము.

ముందుగా ఆ విడిదిని గూర్చి చెప్పెదను. అమెరికా రాజధాని వాషింగ్టనునకు సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున, మేరీలాండు రాష్ట్రములో, కటాక్టిన్ అను కొండలు కలవు. 1942లో, యుద్ధకాలమున, అధ్యక్షుడు రూజ్వెల్టు ఆ కొండలపైనున్న ఒక శిబిరమును తన విశ్రాంతిస్థానముగా చేసికొని, ఒక నవలలోని కల్పిత స్వర్గమును తలచి దానికి షాంగ్రీలా అని పేరిడెను. 1953లో ఐసెన్ హోవరు దానిని తన మనుమని పేర క్యాంపు డేవిడ్ అని మార్చెను. ఆ మనుమడు డేవిడ్ పెరిగి పెద్దవాడై 1968లో నిక్సను కుమార్తె జూలీని వివాహమాడెను. కావున నిక్సను అధ్యక్షుడై ఆ విడిదికి పోయినప్పుడు, అది తన అల్లుని పేరుగల చోటు. 1978లో ఈజిప్టు, ఇజ్రాయేలు నాయకులను అధ్యక్షుడు కార్టరు పదమూడు దినములు కూర్చుండబెట్టి సంధి కుదిర్చినదియు అచ్చటనే.

చుట్టును అడవి, చెట్లనడుమ కుటీరములవంటి ఇండ్లు, వెలుపల సైనికుల కావలి. అధ్యక్షుడుండు ఇంటికి ఆస్పెన్ అని పేరు. రాజధానిలో ఎల్లవేళల జనము, పత్రికలవారు, వినతులు, ఇచ్చట నిశ్శబ్దము. మనలో పొలము గట్టున చెట్టునీడకు పోయి కూర్చున్నవాడు మనసులోని మాట నెట్లు చెప్పుకొనునో, పాలకులు ఇచ్చట అట్లు మాటలాడుకొనుటకు పోవుచుందురు. అట్టి ఏకాంతస్థలమున, 1972 మే నెలలో, నిక్సను చదువుగదియందును టెలిఫోనులయందును రహస్యముగా శబ్దగ్రాహక యంత్రములను అమర్చిరి.

ఈ పని అప్పుడే మొదలు కాలేదు. 1971 ఫిబ్రవరిలో శ్వేతసౌధమునందలి అధ్యక్షుని కార్యాలయమున మొదట యంత్రములు పెట్టిరి. ఆయన వ్రాతబల్లలో అయిదు, పొయ్యి కిరుప్రక్కల రెండు. మంత్రిమండలి కూర్చుండు గదిలో మఱికొన్ని. ఏప్రిలులో ప్రక్క భవనమునందలి ఆంతరంగిక కార్యాలయమున పెట్టిరి. అటుపిమ్మట కొండవిడిది. అధ్యక్షుని రక్షించు సీక్రెట్ సర్వీసు సాంకేతికులే వీనిని అమర్చి, టేపులు మార్చి, భద్రపఱచుచుండిరి. ఈ సంగతి ఆంతరంగిక సహాయకులలో ఇద్దఱు ముగ్గురికి, ఆ సాంకేతికులకు మాత్రమే తెలియును. విదేశాంగ వ్యవహారములలో కుడిచేయి వంటి కిసింజరునకే తెలియదు. వచ్చినవారందఱు తమ మాట ఎదుటివాని చెవితో ముగియుచున్నదని నమ్మి పలుకుచుండిరి.

నిక్సను ఇట్లు చేసినవారిలో మొదటివాడు కాడు. 1940లో రూజ్వెల్టు, 1962 మొదలు కెనెడీ, పిమ్మట జాన్సను తమ సంభాషణలను కొన్నింటిని పట్టించిరి. నిక్సను 1969లో అధికారమునకు వచ్చినప్పుడు జాన్సను నాటి యంత్రములను తీసివేయించెను; రెండేండ్లకు తానే మరల పెట్టించెను. అయితే ఇందొక భేదమున్నది. పూర్వులు మీట నొక్కినప్పుడు మాత్రమే యంత్రము పనిచేయును. యంత్రముల విషయమున నిక్సను చేతికి నేర్పు చాలదని సహాయకులెఱుగుదురు. అందువలన ఆయన గదులలో మనుష్యకంఠము వినబడినంతనే దానంతటదియే తిరుగునట్లు ఏర్పాటు చేసిరి. మీట ఉన్నచోట వివేకమునకు తావుండును, ఇది వ్రాయదగినది, ఇది కాదు అని. మీట లేనిచోట యంత్రమునకు మంచిచెడ్డలు లేవు. చిత్రగుప్తుని చిట్టా వలె అన్నియు ఎక్కుచుండెను.

ఇంతకు ఆయన కోరిన దేమి? తన పరిపాలనకు నిర్దుష్టమైన సాక్ష్యముండవలెననియు, రేపు తన చరిత్ర వ్రాసికొనునప్పుడు అది తోడ్పడుననియు, ఇతరులు తమ మాటలను తారుమారు చేసి చెప్పినచో తన కడ ఋజువుండుననియు ఆయన యుద్దేశము. కీర్తికై చేసిన పని. ఆ టేపులు తన సొంత ఆస్తి యని, తాళపుచెవి తన యొద్దనే యుండునని ఆయన తలచెను.

రెండున్నర సంవత్సరములలో పట్టువడిన మాటలు సుమారు 3,700 గంటలు. పగలు రాత్రి ఎడతెగక వినినను అయిదు మాసములు పట్టును. అందు యుద్ధములు, సంధులు ఉన్నవి. వానికంటె ఎక్కువగా నిత్యజీవితపు ముచ్చటలున్నవి. ఆటల గెలుపోటములు, బిడ్డల క్షేమము, పత్రికలపై కోపము, గిట్టనివారిపై దూషణము. 1972 నవంబరు ఎన్నికలలో ఏబది రాష్ట్రములలో నలుబది తొమ్మిదింటిని గెలిచిన పిమ్మట, నిక్సను పలుదినములు క్యాంపు డేవిడ్ లో గడపి, కొలువులో ఎవరి నుంచవలెను, ఎవరిని పంపివేయవలెను అని తర్కించుచుండెను. అంతటి విజయము పొందినవాని పలుకులలో సంతోషముకంటె పగ ఎక్కువగా వినవచ్చుట విచారకరము.

ఈలోపల మఱియొక కథ నడచుచుండెను. 1972 జూన్ 17న, వాటర్ గేట్ అను భవనసముదాయములో ప్రతిపక్షమువారి కార్యాలయమున అయిదుగురు దొంగతనముగా ప్రవేశించి పట్టువడిరి. ఇతరుల మాటలను దొంగచాటుగా విను యంత్రములను అమర్చుటయే వారి పని. వారి వెనుక అధ్యక్షుని ఎన్నికల సంఘమువారున్నట్లు క్రమముగా బయటపడెను. తన కేమియు తెలియదని నిక్సను పలుమార్లు ప్రకటించెను. 1973 ఏప్రిల్ 29న, తన ముఖ్య సహాయకులు హాల్డిమనును, ఎర్లిక్ మనును ఆ కొండవిడిదికే పిలిపించి రాజీనామా లడిగెను. వారిలో హాల్డిమను, టేపుల రహస్యము తెలిసిన కొద్దిమందిలో ఒకడు.

1973 జూలై 16న, సెనేటు విచారణసంఘము ఎదుట బటర్ ఫీల్డ్ అను మాజీ సహాయకుడు నిలిచెను. అధ్యక్షుని గదిలో మాటలను పట్టు యంత్రములున్నవా యని యడుగగా, ఉన్నవని ప్రమాణపూర్వకముగా చెప్పెను. దేశమంతయు టెలివిజనులో ఆ మాట వినెను. అప్పటివరకు ఒకని మాట కొకని మాట పోటీ. ఇప్పుడు సాక్షి దొరకెను. రెండు దినములలో యంత్రములను తొలగించిరి. కాని చెప్పిన మాటలు అప్పటికే టేపులలో చిక్కియున్నవి.

తరువాతి సంవత్సరమంతయు ఆ టేపులకై పోరాటము. వానిని కోరిన ప్రత్యేక న్యాయవాది కాక్సును నిక్సను 1973 అక్టోబరు 20న తొలగింపజూడగా, ఆ యాజ్ఞను పాటింపనొల్లక న్యాయశాఖాధిపతి రిచర్డుసను పదవి విడిచెను. ఆయన క్రిందివాడు రకెల్స్ హౌసును అట్లే విడిచెను. మూడవవాడు ఆజ్ఞ నెఱవేర్చెను. ఉద్యోగముకంటె ఇచ్చినమాట పెద్దదని యెంచిన ఆ యిద్దఱిని మనము స్మరింపవలెను. ఆపై ఇచ్చిన ఒక టేపులో పదునెనిమిదిన్నర నిమిషముల పాటు మాట లేదు, రొద మాత్రమే. కార్యదర్శిని పొరపాటున కొంత చెఱిపితినేమో యనెను. నిపుణులు పరీక్షించి, అయిదు మొదలు తొమ్మిదిసార్లు వేర్వేఱుగా చెఱుపబడినదని తేల్చిరి. చెఱిపిన దెవరో నేటికిని తేలలేదు.

1974 జూలై 24న సర్వోన్నత న్యాయస్థానము ఎనమండుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవముగా, టేపులు అప్పగింపవలసినదే యని తీర్పు చెప్పెను. అందు ముగ్గురు నిక్సను నియమించినవారే. ఆగస్టు 5న బయటపడిన ఒక సంభాషణ అన్నిటిని తేల్చివేసెను. దొంగతనము జరిగిన ఆఱవ దినమున, అనగా 1972 జూన్ 23న, విచారణను ఆపుటకు గూఢచారశాఖను వాడుకొనవలెనని నిక్సను అంగీకరించుట అందున్నది. తనకు తెలియదన్నవాడు తన కంఠముతోనే తెలియునని చెప్పెను. ఆగస్టు 9న పదవిని విడిచెను. అమెరికా చరిత్రలో అట్లు మధ్యలో రాజీనామా చేసిన అధ్యక్షుడు ఆయన యొక్కడే.

ఈ టేపులలో మన దేశపు మాటయు కలదు. 1971లో తూర్పు బెంగాలునుండి సుమారు కోటిమంది శరణార్థులు మన సరిహద్దులు దాటి వచ్చిరి. ఆ నవంబరులో ప్రధాని ఇందిరా గాంధీ వాషింగ్టను పోయి నిక్సనుతో మాటలాడెను. ఆమె యెదుట మర్యాదలు నడచినవి. మఱునాడు కిసింజరుతో కూడి, ఆమెను గూర్చి, మన జాతిని గూర్చి ఆయన పలికిన నీచవాక్యములు టేపులకెక్కినవి. 2005లో అవి లోకమునకు తెలియగా, కిసింజరు తన మాటలకు విచారము తెలిపెను. ముప్పది నాలుగేండ్ల పిమ్మట ఆ విచారమువలన ఆ శరణార్థుల కేమి ఫలము?

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. కోపములో నోరుజారిన ప్రతి మాటయు నేరము కాదు. అట్లయిన మనలో శిక్షార్హుడు కానివాడెవడు? నిక్సను పదవిని పోగొట్టినది ఆయన తిట్లు కావు. అధికారమును వినియోగించి సత్యమును కప్పుటకు ఒప్పుకొన్న మాట. ముచ్చట వేఱు, ఆజ్ఞ వేఱు. అయితే ముచ్చటలో అలవాటైన తేలికదనమే ఆజ్ఞలోనికి ప్రాకును. తన మాట వినువారు లేరని నమ్మినచోట మనసు కాపలా విడుచును. ఆ విడిచిన కాపలాయే పిదప పతనమునకు ద్వారము.

టేపులు తన సొత్తని నిక్సను వాదించెను. కొంతకాలమునకు వానిని నాశనము చేయుటకు వీలుకల్పించు ఒడంబడికయు 1974 సెప్టెంబరులో జరిగెను. అమెరికా శాసనసభ ఒప్పుకొనక, ఆ డిసెంబరులోనే చట్టము చేసి వానిని ప్రభుత్వ సంరక్షణలో నుంచెను. 1978లో మఱియొక చట్టముచేత, ఇకమీదట అధ్యక్షుల అధికారపత్రములు ప్రజల సొత్తని నిర్ణయించిరి. నిక్సను 1994లో మరణించెను. 2013 నాటికి సుమారు మూడువేల గంటల టేపులు బహిరంగమైనవి. నేడెవరైనను వానిని వినవచ్చును. పాలకుడు పదవియందుండి పలికినది ప్రజలదే యని ఈ కథలో మిగిలిన ధర్మము.

నేను ముప్పది యైదేండ్లు బడిపంతులుగా నుంటిని. ఒకనాడు తోటి ఉపాధ్యాయునితో, ఒక పేదబాలుని మందబుద్ధిని గూర్చి ఎగతాళిగా ఒక మాటంటిని. గోడ కావలనున్న ఆ బాలుడు వినెను. మఱునాటినుండి బడికి రాలేదు. వాని యింటికి రెండుమార్లు పోయి పిలిచితిని. తండ్రి నాకు మంచము వాల్చి, మజ్జిగ యిచ్చి, మర్యాద చేసెను. బాలుడు మాత్రము బయటకు రాలేదు. అచ్చట ఏ యంత్రమును లేదు. ఒక పసివాని చెవి యున్నది. నిక్సను కథ చదివినప్పుడెల్ల నాకు ఆ బాలుడే జ్ఞప్తికి వచ్చును.

గ్రామపెద్దలైన మీకు నేను చెప్పదగిన దింతియే. చావడిలో పదిమంది యెదుట ఒక తీర్పు, రాత్రి అరుగుమీద నలుగురితో ఒక తీర్పు చెప్పుట మనయందును కలదు. పగటి తీర్పునకు ముందే రాత్రి అరుగుమీద వ్యవహారము తెగిపోవుటయు కలదు. నేడు ప్రతివాని జేబులోను మాటను పట్టు యంత్రమున్నది. దానికి భయపడి నాలుక నదుపు చేసికొనుట తెలివి. కాని యంత్రము లేనిచోటను, వినవలసినవాడు వినుచున్నట్లే పలుకుట పెద్దఱికము. అట్టి పెద్దఱికము మన చావడులలో నిలుచుగాక.