పంటనష్టము - ప్రభుత్వ సహాయము

కష్టమున నున్న కర్షకునకు విత్తనములును గ్రాసమును ఒసగుచున్నాడా, కొద్దిపాటి వడ్డీకి ఋణమిచ్చి ఆదుకొనుచున్నాడా యని నారదుడు ధర్మరాజును అడిగినట్లు వ్యాసభారత సభాపర్వమునందు గలదు. దుర్భిక్షకాలమున రాజు ప్రజలకు బీజములును భోజనమును సమకూర్పవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రమును విధించుచున్నది. కావున పంట పోయినవానికి ప్రభుత్వము సాయపడుట నూతనధర్మము కాదు. ఆ సాయము ఏ రూపమున, ఎవరి పేరిట చేరెననునదే విచారింపదగిన విషయము.

కుంఫిణీ పాలనలో రైత్వారీ గ్రామములందు సాయమనగా శిస్తు రెమిషనే. గ్రామకరణము సర్వే నంబరు వారీగా పంటను అడంగలులో వ్రాయును. పై యధికారి ఆజమాయిషీ చేయును. జమాబందీలో తగ్గింపు నిశ్చయమగును. పద్ధతి చక్కనిదే. కాని ఈ తగ్గింపు ప్రధానముగా నీరందని మాగాణికే గాని, వానను నమ్ముకొన్న మెట్టకు అరుదుగా లభించెడిది. పైగా శిస్తు కట్టువానికే గదా మాఫీ! కౌలుదారునకు, కూలివానికి పట్టాయే లేదు. ఇక మాఫీ యెక్కడిది? 1832-33 నాటి నందన కరవు, దీనినే డొక్కల కరవనిరి, గుంటూరు సీమను పాడుచేసినపుడు అచ్చట జమీందారీలు విస్తారముగా నుండెను. సుమారు 5 లక్షల జనులలో ఒకటిన్నర నుండి 2 లక్షలమంది నశించిరని అంచనా. జమీందారునకు పేష్కషులో ఊరట కలిగినను, అది పొలము దున్నినవాని కంచమువరకు వచ్చునను నిశ్చయ మేమియు లేదు.

1876-78 నాటి ధాత కరవు పిదప ప్రభుత్వదృష్టి కొంత మారెను. ఆ కరవునందు సహాయపు పనులలోని కూలీలకు దినమునకు ఒక పౌను ధాన్యమును ప్రమాణముగా నేర్పరచిన రిచర్డు టెంపులు మితవ్యయమును డాక్టరు కారనిషు తీవ్రముగా నాక్షేపించెను. 1880లో రిచర్డు స్ట్రాచీ అధ్యక్షతనున్న కరవు సంఘము నివేదిక నొసగెను. తరువాత 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టమును, 1884లో వ్యవసాయదారుల ఋణముల చట్టమును వచ్చెను. విత్తనములకు, ఎడ్లకు తక్కావి దొరకసాగెను. అయితే తక్కావి అప్పు, దానము కాదు. ఎద్దు చచ్చిన రైతు మరుసటి సంవత్సరము శిస్తుతోపాటు వాయిదాను గూడ చెల్లింపవలసినవాడే. హామీగా చూపుటకు భూమి లేనివానికి ఆ అప్పును దుర్లభమే.

పంటకు బీమా యుండవలెనని మైసూరు సంస్థానమున జె. ఎస్. చక్రవర్తి 1920లోనే వర్షమును ఆధారముగా గొని యొక పథకమును ప్రతిపాదించెను. దేశవ్యాప్తముగా సమగ్ర పంటల బీమా వచ్చుటకు 1985 వరకు వేచియుండవలసివచ్చెను. అదియు సంస్థలవద్ద పంటఋణము గొన్నవారికే. వడ్డీవ్యాపారివద్ద అప్పుచేసి సేద్యము చేయువాడు బీమాకు వెలుపలనే నిలిచెను.

అట్టివానికి మిగిలిన ఆధారము విపత్తు నిధినుండి వచ్చు పెట్టుబడి రాయితీ. ఇది తిరిగి చెల్లింపనక్కరలేని సొమ్ము. రెమిషనుకంటెను తక్కావికంటెను ఉదారమైనదని ఒప్పుకొనవలెను. పూర్వము సగము పంట పోయిననే అర్హత గలిగెడిది; 2015లో దానిని 33 శాతమునకు తగ్గించిరి. 2022-26 కాలమునకు హెక్టారుకు వర్షాధారపు పంటకు 8,500 రూపాయలు, నీటివసతి గల పంటకు 17,000 రూపాయలు, బహువార్షిక పంటకు 22,500 రూపాయలుగా, రెండు హెక్టార్ల పరిమితితో కేంద్రము నిర్ణయించెను. మాగాణి ఎకరమునకు లెక్కింపగా 7 వేలకు లోపే. కోతకు సిద్ధమైన వరిచేను మునిగినవానికి ఇది ఏమూలకు?

మొత్తమునకంటె పేరు గడ్డు సమస్య. అడంగలులో పట్టాదారుని పేరుప్రక్క అనుభవదారునకును ఒక గడి గలదు. ఆ గడి నిజముగా నింపబడిననాడు సొమ్ము సేద్యము చేసినవానికి చేరును. భూస్వామి పేరే రెండు గడులలోను వ్రాయబడిననాడు సొమ్ము భూస్వామికి పోవును, నష్టము కౌలుదారునకు మిగులును. కరణముల పదవి 1984లో రద్దయినది గాని ఈ చిక్కు రద్దు కాలేదు. ఆంధ్రప్రదేశమున 2011లో కౌలుదారులకు గుర్తింపుకార్డుల నిచ్చుటకు చట్టము చేసిరి. భూమి పోవునేమో యని యజమానులు జంకిరి. 2019 నాటి చట్టము యజమాని హక్కులకు భంగము లేదని స్పష్టపరచి, 11 నెలల ఒప్పందముపై కార్డు నిచ్చుటకు ఏర్పాటు చేసెను. అయితే ఆ ఒప్పందముపై యజమాని సంతకము ఉండవలెనని గూడ విధించెను.